హాల్‌శాండ్స్ ఊరు సముద్రంలో కలిసింది నిజంగా తుఫాను వల్లేనా?

లక్ష్మి_ఎక్సెటర్
ఇంగ్లండ్‌లో సౌత్ డెవాన్ తీరాన, స్టార్ట్ పాయింట్ లైట్‌హౌస్‌కి దగ్గర్లో హాల్‌శాండ్స్ అని చిన్న జాలరి పల్లె ఉండేది. ఇప్పుడు కొండ అంచు కింద మొండి గోడలు, ఒకటి రెండు ఇళ్లు తప్ప ఏం మిగల్లేదు. మొన్న వీకెండ్‌లో అటు వెళ్లి పైనుంచి చూశాం. ఒక గోడలో ఇప్పటికీ పొయ్యి గూడు కనిపిస్తోంది, దాని ముందు ఉండాల్సిన గది మాత్రం లేదు, కింద నేరుగా అలలే. ఇంటికొచ్చి తెలుగులో ఏమైనా ఉందేమోనని వెతికితే అన్నీ "ఒక్క రాత్రిలో మాయమైన దెయ్యాల ఊరు", "శాపం తగిలిన గ్రామం" టైపు వీడియోలే. ఒక్కరు కూడా అసలు విషయం చెప్పరు. నాకు చాలా కోపం వచ్చింది. అక్కడ బతికినవాళ్లు నిజంగా ఉన్న మనుషులు, వాళ్ల మనవలు మునిమనవలు ఇంకా ఆ చుట్టుపక్కలే ఉంటారు. 1917లో తుఫాను వచ్చి పోయింది అంటారు, కొందరేమో గులకరాళ్లు తవ్వేయడం వల్ల అంటారు. ఇక్కడ తెలిసినవాళ్లు ఉంటే వివరంగా రాయండి.

కోస్తా_కుర్రాడు
సముద్రం ఒడ్డున, అదీ కొండ కింద ఇళ్లు కట్టుకుంటే ఎప్పుడో ఒకప్పుడు పోవాల్సిందే కదా. ఇందులో పెద్ద మిస్టరీ ఏముంది?

పాతపేపర్లు
మిస్టరీ ఏమీ లేదన్నది నిజమే, కానీ మీరు చెప్పే కారణం కాదు. ఈ ఊరి గురించి నేను చాలా చదివాను, కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

1506 నాటికే అక్కడ చిన్న ప్రార్థనా మందిరం ఉన్నట్టు దాఖలా ఉంది. 18, 19 శతాబ్దాల్లో ఊరు పెరిగింది. 1891 జనాభా లెక్కల్లో 37 ఇళ్లు, 159 మంది. ఒక నీటి ఊట, లండన్ ఇన్ అనే పబ్బు, అంతే ఊరు. దాదాపు అందరిదీ చేపల వేటే, ముఖ్యంగా ఎదురుగా ఉన్న స్కెరీస్ బ్యాంక్ అనే ఇసుక మేట మీద పీతల వేట. ఇళ్లన్నీ కొండ కింద రాతి అరుగు మీద వరసగా ఉండేవి. ఆ ఇళ్లకీ సముద్రానికీ మధ్య వెడల్పాటి గులకరాళ్ల ఒడ్డు. పడవలు లాగి పెట్టేదీ, వలలు ఆరేసేదీ, పిల్లలు ఆడుకునేదీ అక్కడే. అల ఎంత పెద్దదొచ్చినా ఆ రాళ్ల గుట్ట మీద విరిగి పడి శక్తంతా అక్కడే వదిలేసేది.

1890ల్లో బ్రిటిష్ నౌకాదళం ప్లిమత్ దగ్గర డెవన్‌పోర్ట్‌లో కీహమ్ డాక్‌యార్డ్‌ని భారీగా విస్తరించడం మొదలుపెట్టింది. కాంక్రీటుకి ఇసుక, కంకర కావాలి. సర్ జాన్ జాక్సన్ అనే కాంట్రాక్టరుకి ఈ తీరంలో సముద్రం అడుగు నుంచి తవ్వుకోవడానికి 1896లో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ అనే ప్రభుత్వ శాఖ లైసెన్సు ఇచ్చింది. 1897 ఏప్రిల్‌లో హాల్‌శాండ్స్‌కీ పక్క ఊరు బీశాండ్స్‌కీ మధ్య డ్రెడ్జర్లు, అంటే సముద్రం అడుగు తవ్వే ఓడలు, దిగాయి. రోజుకి 1,600 టన్నుల దాకా తీసిన రోజులున్నాయి. మొత్తం మీద తీసింది దాదాపు 6,50,000 టన్నులు.

చరిత్ర_పిచ్చి
ఊరివాళ్లని అడిగారా అసలు?

పాతపేపర్లు
లేదు. డ్రెడ్జర్లు కనిపించాకే వాళ్లకి తెలిసింది. గొడవ చేస్తే 1897లోనే ఒక విచారణ పెట్టారు. తవ్వకం వల్ల ఊరికి పెద్ద ప్రమాదమేమీ ఉండదని ఆ విచారణ తేల్చింది. తవ్వినంత కాలం మత్స్యకారులకి ఏడాదికి 125 పౌండ్లు ఇచ్చేలా ఒప్పందం చేశారు. అదీ ఊరు మొత్తానికి, ఇంటికి కాదు.

కోస్తా_కుర్రాడు
డబ్బు తీసుకున్నారు కదా మరి. తీసుకున్నాక అడిగే హక్కు ఏముంటుంది?

గోదారి_గట్టు
అలా అనకండి. ఎదురుగా నౌకాదళం, బోర్డ్ ఆఫ్ ట్రేడ్, పెద్ద కాంట్రాక్టరు. ఇటు పీతలు పట్టుకుని బతికే జనం. "మీరు వద్దన్నా తవ్వుతాం, ఇది తీసుకోండి" అంటే ఏం చేస్తారు? తీసుకోకపోతే తవ్వకం ఆగేదా?

సివిల్_సుబ్బు
ఇంజనీరుగా ఒక మాట. ఆ విచారణ చేసినవాళ్లు దొంగలని నేను అనను. వాళ్ల లెక్క ఏంటంటే, సముద్రం అడుగున గుంత తవ్వితే అటూ ఇటూ నుంచి కొత్త గులకరాళ్లు కొట్టుకొచ్చి దాన్ని నింపేస్తాయని. చాలా తీరాల్లో అది నిజం కూడా. ఇక్కడ మాత్రం జరగలేదు. ఎందుకో రాళ్లూరప్పలు గారు చెప్పాలి, ఆయన సబ్జెక్ట్ అది.

రాళ్లూరప్పలు
పిలిచారు కాబట్టి వచ్చాను :)

స్టార్ట్ బే అనే ఆ అఖాతంలో ఉన్న గులకరాళ్లు ఎక్కువగా చెకుముకి రాయి. ఇప్పుడున్న నదులు తెచ్చినవి కావు, ఇప్పుడున్న కొండలు అరిగి పడినవీ కావు. మంచుయుగం ముగిసి సముద్రమట్టం పెరుగుతున్నప్పుడు, అప్పటిదాకా పొడిగా ఉన్న నేల మీది రాళ్లని అలలు వేల ఏళ్ల పాటు నెట్టుకుంటూ తెచ్చి ఒడ్డున పోశాయి. సముద్రమట్టం పెరగడం నెమ్మదించాక ఆ సరఫరా ఆగిపోయింది. అంటే ఉన్నది అసలు సొమ్మే, మీద వడ్డీ రాదు. అందులోంచి 6,50,000 టన్నులు తీసేస్తే ఆ గుంత ఎలా నిండుతుంది? ఒడ్డున ఉన్న రాళ్లే కిందికి జారి నింపాయి. అంటే ఊరి ముందున్న బీచే గుంతలోకి దిగిపోయింది.

అయితే సుబ్బు గారితో ఒక చోట ఏకీభవించను. ఈ సిద్ధాంతం అప్పటికి తెలియదు సరే, కానీ బీచ్ దిగిపోతోందని కంటికి కనిపిస్తున్నప్పుడు కూడా తవ్వకం ఆపలేదు. దానికి సైన్స్ అక్కర్లేదు, కొలతకర్ర చాలు.

సివిల్_సుబ్బు
ఆ మాట ఒప్పుకుంటాను. ప్లిమత్‌కి చెందిన రిచర్డ్ హాన్స్‌ఫర్డ్ వర్త్ అనే ఇంజనీరు అలాగే కొలిచాడు. గోడల మీద, రాళ్ల మీద పాత మట్టం ఆనవాళ్లు చూసుకుంటూ బీచ్ ఎక్కడెక్కడ ఎంత దిగిందో రాసిపెట్టాడు. కొన్ని చోట్ల 10 అడుగులకు పైనే దిగింది. తర్వాత ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ రిపోర్టులు ప్రచురించాడు. ఈ ఊరు గురించి ఇప్పుడు మనకి ఇంత ఖచ్చితంగా తెలుసంటే చాలావరకు ఆయన పుణ్యమే.

కొత్త_మెంబర్77
10 అడుగులంటే మా ఇంటి గది ఎత్తు. నిన్నటిదాకా గుమ్మం దిగితే బీచ్, ఇవాళ గుమ్మం దిగితే గొయ్యి. అమ్మో.

కోస్తా_కుర్రాడు
నాకు ఇంకా నమ్మకం కుదరడం లేదు. 1917 తుఫాను మామూలుది కాదంటున్నారు కదా. బీచ్ ఉన్నా పోయేదేమో? ప్రతిదానికీ ప్రభుత్వాన్ని తిట్టడం మనకి అలవాటైపోయింది.

పాతపేపర్లు
మంచి ప్రశ్న, దీనికి జవాబు ఉంది. 1891 మార్చిలో ఇంగ్లండ్ నైరుతి భాగాన్ని పెద్ద మంచు తుఫాను కొట్టింది, గాలి తూర్పు నుంచి. హాల్‌శాండ్స్ ముఖం తూర్పుకే. ఆ రోజుల్లో స్టార్ట్ పాయింట్ కింది రాళ్ల మీద మరానా అనే ఓడ పగిలి దాదాపు అందరూ పోయారు. అంటే ఆ ఊరికి పక్కనే. ఆ తుఫాను తర్వాత నెల తిరక్కుండా, ఏప్రిల్ 5న జనాభా లెక్కలు తీశారు. పైన నేను చెప్పిన 37 ఇళ్లు, 159 మంది ఆ లెక్కలోవే. ఊరు అక్కడే ఉంది. ఎందుకంటే ముందు బీచ్ ఉంది.

చరిత్ర_పిచ్చి
ఇది నాకు తెలియదు. ఈ ఒక్క పోస్ట్ కోసమైనా థ్రెడ్ పిన్ చేయాలి.

రాళ్లూరప్పలు
పాతపేపర్లు గారి వాదన బలమైనదే, కానీ కుర్రాడు అడిగినది పూర్తిగా కొట్టిపారేయకూడదు. రెండు విషయాలు. ఒకటి, స్టార్ట్ బేలో గులకరాళ్లు గాలుల దిశని బట్టి ఒకసారి ఉత్తరానికి, ఒకసారి దక్షిణానికి జరుగుతుంటాయి, కాబట్టి ఒక్కో దశాబ్దంలో ఒక్కో చోట బీచ్ పలచబడడం సహజం. రెండు, ఆ ఇళ్లన్నీ గట్టి రాతి మీద లేవు. రాతి అరుగులో చీలికలు ఉన్నాయి, వాటిలో గట్టిపడిన పాత ఇసుక నిండి ఉండేది, దాని మీద కూడా కట్టారు. బీచ్ దిగాక అలలు ఆ చీలికల్లోకి దూరి ఇసుకని కడిగేశాయి, పై ఇళ్లు కింద ఆసరా లేక కూలాయి. ఊరికి బలహీనతలు ముందే ఉన్నాయన్నమాట. కానీ ఆ బలహీనతలన్నిటినీ కప్పి కాపాడింది బీచే. దాన్నే తీసేశారు.

లక్ష్మి_ఎక్సెటర్
అందుకేనా పక్కపక్క గోడల్లో ఒకటి నిలబడి ఒకటి పూర్తిగా పోయింది! చూసినప్పుడు అర్థం కాలేదు.

1897 తర్వాత ఏం జరిగిందో కూడా రాయండి పాతపేపర్లు గారూ. తవ్వకం ఎప్పుడు ఆగింది?

పాతపేపర్లు
1900 నాటికి బీచ్ దిగడం అందరికీ కనిపిస్తోంది. ఆ చలికాలం తుఫాన్లకి గోడలు దెబ్బతిన్నాయి. 1900 నవంబరులో ఊరివాళ్లు తమ ఎంపీ ఫ్రాంక్ మిల్డ్‌మేకి అర్జీ పెట్టుకున్నారు. 1901 మార్చిలో కింగ్స్‌బ్రిడ్జ్ రూరల్ డిస్ట్రిక్ట్ కౌన్సిల్, రోడ్డు పాడవుతోందని బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌కి రాసింది. సెప్టెంబరులో కొత్త ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి, ఇంకో గట్టి తుఫాను వస్తే పెద్ద నష్టం జరుగుతుంది, తవ్వకం ఆపేయండి అని రాశాడు. 1902 జనవరి 8న లైసెన్సు రద్దయింది.

తర్వాత బీచ్ కొంచెం కోలుకున్నట్టు కనిపించింది, కానీ 1903 నుంచి మళ్లీ దెబ్బలు మొదలయ్యాయి. కొన్ని ఇళ్లు అప్పుడే పోయాయి. రక్షణ గోడలు కట్టారు. అవి ఒక పుష్కర కాలం కాపాడాయి. 1917 జనవరి 26న తూర్పు గాలి, పెద్ద పోటు రెండూ ఒకేసారి వచ్చాయి. గోడలు తెగిపోయాయి. ఆ ఏడాది ముగిసేసరికి ఉండటానికి పనికొచ్చే ఇల్లు ఒక్కటే మిగిలింది.

గోదారి_గట్టు
మనుషులు?

పాతపేపర్లు
ఒక్క ప్రాణం కూడా పోలేదు. చీకట్లో పిల్లల్ని ఎత్తుకుని కొండ మీదికి ఎక్కేశారు.

గోదారి_గట్టు
దేవుడి దయ.

విశాఖ_వాసి
ఇది చదువుతుంటే మా ఆర్కే బీచ్ గుర్తొచ్చింది. ఔటర్ హార్బర్ కట్టినప్పటి నుంచీ బీచ్ కోసుకుపోవడం, డ్రెడ్జర్‌తో ఇసుక తెచ్చి మళ్లీ పోయడం. పోర్టు కోసం బీచ్ బలైపోవడం అక్కడా ఇక్కడా ఒకటే.

రాళ్లూరప్పలు
ఒకటే కాదు విశాఖ_వాసి గారూ, తేడా ఉంది. మన తూర్పు తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. 1970ల్లో కట్టిన ఔటర్ హార్బర్ గోడ ఆ నడకకి అడ్డం పడింది, అందుకే ఉత్తరం వైపున్న ఆర్కే బీచ్‌కి ఇసుక అందడం లేదు. అంటే మీ దగ్గర సరఫరా ఉంది, దారి మూసుకుపోయింది, అందుకే హార్బర్ దగ్గర ఆగిన ఇసుకని తవ్వి ఇటు పోస్తే కొంత పని జరుగుతోంది. హాల్‌శాండ్స్‌లో సరఫరాయే లేదు, ఉన్నదాన్ని ఎత్తుకుపోయి కాంక్రీటులో కలిపేశారు.

ఉప్పాడ_తీరం
తేడా ఏదైనా ఇల్లు పోయినవాడికి ఒకటే సార్. మా ఉప్పాడలో వీధులకి వీధులు పోయాయి. జియోట్యూబుల (ఇసుక నింపిన పెద్ద గొట్టం సంచుల) గోడ వేశారు, అదీ దెబ్బతింది. మా తాతగారి ఇల్లు ఉన్న చోట ఇప్పుడు పడవలు తిరుగుతాయి. హాల్‌శాండ్స్ వాళ్లకి నష్టపరిహారం ఇచ్చారా? ఆ మాట చెప్పండి ముందు.

పాతపేపర్లు
ఇచ్చారు, ఏడేళ్లు తిప్పించుకున్నాక. మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో జరిగింది కదా, ప్రభుత్వానికి ఇది చిన్న సంగతి. ఈలోగా జనం చుట్టాల ఇళ్లలో, పక్క ఊళ్లలో తలదాచుకున్నారు. 1920ల్లో కొంచెం ఉత్తరంగా, పైన కొన్ని కొత్త ఇళ్లు కట్టారు, ఇప్పుడు నార్త్ హాల్‌శాండ్స్ అనేది అదే.

ఉప్పాడ_తీరం
ఏడేళ్లు. అక్కడ కూడా అంతేనన్నమాట.

కోస్తా_కుర్రాడు
ఆ 1891 సంగతి తర్వాత నేను వాదించడానికి ఏం లేదు గానీ, ఒక డౌట్. డాక్‌యార్డ్ పూర్తయిందా చివరికి?

సివిల్_సుబ్బు
పూర్తయింది, 1907లో ప్రారంభించారు. ఇప్పటికీ వాడుతున్నారు. హాల్‌శాండ్స్ గులకరాళ్లు ఆ కాంక్రీటులోనే ఉన్నాయి.

చరిత్ర_పిచ్చి
అసలు ఆ ఊళ్లో జనం ఎలా బతికేవాళ్లో ఎవరైనా రాయండి. అందరూ కూలిపోవడం గురించే రాస్తున్నాం. 159 మంది మనుషులు కదా.

లక్ష్మి_ఎక్సెటర్
అదే నేనూ అడగబోయాను.

పాతపేపర్లు
పడవలు ఒడ్డుకి లాగడం ఆడవాళ్ల పని కూడా. గులకరాళ్ల మీద పడవ లాగడం అంటే మాటలు కాదు, ఇసుక మీద జారినట్టు జారదు. గౌన్లు పైకి దోపుకుని తాడు పట్టుకుని వరసగా నిలబడేవాళ్లు. ఇంకొకటి, ఆ ఊళ్లో న్యూఫౌండ్‌లాండ్ జాతి పెద్ద కుక్కలుండేవి. అలలు ఎక్కువగా ఉండి పడవ ఒడ్డుకి రాలేనప్పుడు కుక్క ఈదుకుంటూ వెళ్లి పడవలోంచి తాడు చివర నోట కరుచుకుని తెచ్చేది. ఒడ్డున ఉన్నవాళ్లు దాన్ని పట్టి లాగేవాళ్లు.

కొత్త_మెంబర్77
మా ఇంటి కుక్కకి బంతి తెమ్మంటే మొహం తిప్పుకుంటుంది.

విశాఖ_వాసి
77 గారూ, మీ కుక్కని హాల్‌శాండ్స్‌కి ట్రైనింగ్‌కి పంపాల్సింది, ఆలస్యమైపోయింది.

గోదారి_గట్టు
ట్రౌట్ అక్కచెల్లెళ్ల గురించి ఎవరూ రాయలేదే? నాకు ఈ కథలో అందరికంటే ఇష్టమైనవాళ్లు వాళ్లు. తండ్రి పోయాక ఇల్లు గడవడానికి పేషెన్స్, ఎల్లా ఇద్దరూ తండ్రి పడవ తీసుకుని పీతల వేటకి వెళ్లారు. ఆ కాలంలో ఆడపిల్లలు తాడు లాగడం మామూలే గానీ, వేటకి సముద్రంలోకి వెళ్లడం మామూలు విషయం కాదు. 1917 సెప్టెంబరులో, అంటే ఊరు పోయిన అదే ఏడాది, ఎల్లా పదేళ్ల బంధువు కుర్రాడితో పీతల బుట్టలు తీస్తుంటే దూరంగా న్యూహోమ్ అనే ఓడ పేలి మునిగిపోవడం చూసింది. భయపడి వెనక్కి రాలేదు, అటే తెడ్లు వేసింది. నీళ్లలో కొట్టుకుంటున్న ఒక నావికుణ్ణి లాగి పడవలో వేసుకుంది. దానికి ఆమెకి ఓబీఈ పతకం ఇచ్చారు. సొంత ఇల్లు పోయి ఏడాది కూడా కాలేదు, ఆలోచించండి.

తర్వాత ఆ అక్కచెల్లెళ్లు కొండ మీద హోటల్ కట్టారు. చాలా ఏళ్లు బాగా నడిపారు.

చరిత్ర_పిచ్చి
ఈమె గురించి వీడియో చేయొచ్చు కదా, దెయ్యాలెందుకు?

లక్ష్మి_ఎక్సెటర్
పైన పెద్ద తెల్ల భవనం ఒకటి చూశాను, అదేనేమో. ఇప్పుడు ఫ్లాట్‌లుగా ఉంది.

గోదారి_గట్టు
అదే. ఇంకొకామె ఎలిజబెత్ ప్రెటీజాన్. మిగిలిన ఆ ఒక్క ఇంట్లో ఉండిపోయిన మనిషి. 1964లో చనిపోయేదాకా అక్కడే. కోళ్లు పెంచుకుంటూ, చూడటానికి వచ్చినవాళ్లకి ఏం జరిగిందో తానే చెప్పేది. అందరూ వెళ్లిపోయినా ఒక్కరు ఉండిపోయి దాదాపు యాభై ఏళ్లు సాక్ష్యం చెప్పడం నాకైతే పెద్ద పోరాటంలాగే అనిపిస్తుంది.

కోస్తా_కుర్రాడు
పోరాటమా, మొండితనమా? ప్రమాదం కదా అక్కడ ఉండటం.

ఉప్పాడ_తీరం
సొంత ఇల్లు వదిలి వెళ్లమంటే తెలుస్తుంది తమ్ముడూ. మా నాయనమ్మ అల గడపకి తగిలేదాకా కదల్లేదు. ప్రమాదమని తెలియక కాదు.

కోస్తా_కుర్రాడు
సరే అన్నా.

చరిత్ర_పిచ్చి
పోలికగా ఇంకో ఊరు చెబుతాను. ఇంగ్లండ్ తూర్పు తీరంలో సఫోక్‌లో డన్విచ్. అది పల్లె కూడా కాదు, మధ్యయుగాల్లో పెద్ద రేవు పట్నం. 1286లో, 1328లో వచ్చిన తుఫాన్లు రేవుని పూడ్చేశాయి, తర్వాత శతాబ్దాల పాటు కొండ అంచు కోసుకుపోతూనే ఉంది. చివరి పాత చర్చి ఆల్ సెయింట్స్ 1904 నుంచి ముక్కలు ముక్కలుగా పడుతూ 1919కి గోపురం కూడా సముద్రంలోకి పోయింది. విడ్డూరం ఏంటంటే ఊరు దాదాపు లేకపోయినా 1832 దాకా పార్లమెంటుకి ఇద్దరు ఎంపీలని పంపేది. అక్కడ తప్పు పట్టడానికి మనిషి ఎవరూ లేరు, మెత్తటి నేల, సముద్రం, అంతే. అందుకే రెండు ఊళ్లనీ "సముద్రం మింగిన గ్రామాలు" అని ఒకే గాటన కట్టడం నాకు నచ్చదు. డన్విచ్‌ని సముద్రం తీసుకుంది. హాల్‌శాండ్స్‌ని లైసెన్సు ఇచ్చి అప్పగించారు.

రాళ్లూరప్పలు
చివరి వాక్యానికి చప్పట్లు.

కొత్త_మెంబర్77
ఇద్దరు ఎంపీలా! ఓటర్లు చేపలా?

చరిత్ర_పిచ్చి
కొద్దిమంది ఓటర్లు ఉండేవాళ్లు, వాళ్లు కూడా భూస్వాముల చెప్పుచేతల్లో. 1832 సంస్కరణ చట్టం వచ్చాక ఆ సీటు రద్దయింది. దానికి వేరే థ్రెడ్ వేయండి, రాస్తాను.

విశాఖ_వాసి
హాల్‌శాండ్స్ దగ్గర ఇప్పుడు మళ్లీ రాళ్లు తెచ్చి పోయొచ్చు కదా? మా దగ్గర ఇసుక పోసినట్టు?

సివిల్_సుబ్బు
దేన్ని కాపాడటానికి పోయాలి? ఊరు లేదు. పక్కన బీశాండ్స్‌లో జనం ఉన్నారు కాబట్టి అక్కడ పెద్ద బండరాళ్లు పేర్చారు. ఇంకా ఉత్తరాన స్లాప్టన్ దగ్గర సముద్రానికీ మంచినీటి సరస్సుకీ మధ్య గులకరాళ్ల కట్ట మీద వెళ్లే రోడ్డుని 2018 మార్చిలో తుఫాను కోసేసింది, దాన్నే తిరిగి వేయాలా వద్దా అని తర్జనభర్జన పడ్డారు. అదే అఖాతం, అవే గులకరాళ్లు.

గోదారి_గట్టు
స్లాప్టన్ అంటే 1943లో సైన్యం కోసం ఊళ్లు ఖాళీ చేయించిన చోటే కదా? దాదాపు 3,000 మందిని పంపించేసి నార్మండీ దాడికి రిహార్సల్స్ చేశారు. ఆ తీరం జనానికి ప్రభుత్వం వల్ల ఇళ్లు వదలడం రెండు తరాల్లో రెండుసార్లు.

పాతపేపర్లు
అదే చోటు. అయితే వాళ్లు సైన్యం పని అయిపోయాక తిరిగి రాగలిగారు.

లక్ష్మి_ఎక్సెటర్
అందరికీ చాలా థాంక్స్. ఇదంతా కలిపి ఒక వ్యాసంగా రాసి ఆ వీడియోల కింద పెడతాను, పాతపేపర్లు గారూ మీ 1891 పాయింట్ మీ హ్యాండిల్ పేరుతోనే వాడుకుంటాను, అభ్యంతరం లేకపోతే.

పాతపేపర్లు
వాడుకోండి. ఎల్లా ట్రౌట్ గురించి మాత్రం వదలొద్దు.

కోస్తా_కుర్రాడు
వచ్చే సమ్మర్‌లో మేము బ్రిస్టల్ నుంచి అటు వెళ్తున్నాం. ఊళ్లోకి దిగొచ్చా?

లక్ష్మి_ఎక్సెటర్
దిగనివ్వరు, దారి మూసేశారు. 2012లో అక్కడే కొండ జారి పడింది, ఇంకా వదులుగానే ఉంటుంది. పిల్లలుంటే కంచె దాటకుండా చూసుకోండి. స్టార్ట్ పాయింట్ దగ్గర కారు పెట్టి తీరం దారి పట్టుకుని రావచ్చు, లేదా బీశాండ్స్ నుంచి నడిచి రావచ్చు. బీశాండ్స్ నుంచి వస్తే ముందు మిగిలిన బీచ్ కనిపిస్తుంది, తర్వాత బీచ్ లేని ఊరు. ఆ వరసలో చూస్తేనే ఇక్కడ రాసినదంతా అర్థమవుతుంది. మంచి షూస్ వేసుకోండి, వాన పడితే దారి బాగా జారుతుంది.